ఆ పెనాల్టీ ఎవరు కొట్టాల్సింది?

అబ్రహాము ఎవరితోనూ వాదన పెట్టుకునే మనిషి కాదు. చీరాలలో ఏడుగురు పిల్లల ఇంట్లో ఐదోవాడిగా పెరిగాడు. పెద్దవాళ్ళు ఏమన్నా ఊఁ అనేసి పక్కకు తప్పుకోవడం చిన్నప్పుడే అలవాటైంది. గుంటూరులో నర్సింగ్ చదివి, హైదరాబాదులో ఆరేళ్ళు డయాలసిస్ వార్డులో చేసి, ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ వచ్చి పదిహేడేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. చర్చి కమిటీలో ఎవరేం చెప్పినా తల ఊపుతాడు కాబట్టి ప్రతి ఏడూ అతన్నే ఎన్నుకుంటారు. "మీ నోట కాదు అన్న మాట నేనింతవరకు వినలేదండీ," అంటుంది భార్య సలోమి. ఆవిడ కేర్ హోమ్‌లో పనిచేస్తుంది.

అతని డయాలసిస్ యూనిట్‌లో సోమ, బుధ, శుక్రవారాలు పొద్దుటి షిఫ్టులో కిటికీ పక్కనున్న రెండు కుర్చీలు నార్మన్‌వీ, ఫ్రాంక్‌వీ. నార్మన్‌కి డెబ్బై ఆరేళ్ళు, ఓడలు కట్టే యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యాడు. ఫ్రాంక్ అతనికంటే బాగా చిన్నవాడు, బస్సు డ్రైవరు. ఇద్దరూ ఊళ్ళో చెరోవైపు పేటలవాళ్ళు. ప్రొటెస్టెంట్లు, క్యాథలిక్కులు ఏళ్ళ తరబడి కొట్టుకున్న బెల్‌ఫాస్ట్‌లో ఆ మాటకి చాలా అర్థం ఉంది. అయినా ఇద్దరిదీ ఒకే టీము, లగన్ రోవర్స్ అనే చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు. మిషను రక్తాన్ని శుభ్రం చేసే నాలుగు గంటలూ వాళ్ళకి ఆ కబుర్లతోనే గడిచిపోయేవి.

మార్చిలో ఆ క్లబ్బు కప్పు సెమీఫైనల్ ఆడింది. స్కోరు చెరొకటి. ఆఖరి నిమిషంలో పెనాల్టీ దొరికింది. రోరీ డఫిన్ బంతి చేతిలోకి తీసుకున్నాడు. ఇరవై ఏళ్ళవాడు, ముప్ఫై ఏళ్ళలో ఆ క్లబ్బుకి దొరికిన మేటి ఆటగాడు. స్కాట్లండ్ నుంచి పెద్ద క్లబ్బువాళ్ళు వాడి కోసం తిరుగుతున్నారని అందరికీ తెలుసు. ఇంతలో మైదానం గీత అవతలి నుంచి మేనేజర్ కేకేసి, బంతి కెప్టెన్‌కి ఇవ్వమన్నాడు. కెప్టెన్ కొట్టిన బంతి గోలు పైనుంచి పోయింది. అదనపు సమయంలో లగన్ ఓడిపోయింది.

సోమవారం పొద్దున సూదులు ఎక్కించేలోపే గొడవ మొదలైంది. పోయేవాడికి పేరెందుకని మేనేజర్ కుళ్ళుకున్నాడని, రోరీ ఈపాటికే స్కాట్లండ్ వెళ్ళిపోయి ఉండాల్సిందని ఫ్రాంక్ అన్నాడు. కెప్టెన్ పన్నెండు పెనాల్టీల్లో పదకొండు గోలు చేసినవాడని, కుర్రాడు తప్పితే ఆ బరువు జన్మంతా మోయాలని, ఇంకో ఏడాది ఇక్కడే ఉండి రాటుదేలితే మంచిదని నార్మన్ అన్నాడు. మధ్యలో రక్తపోటు చూస్తున్న అబ్రహాము ఇద్దరికీ అవునవునన్నాడు.

ఫ్రాంక్ పట్టేశాడు. "ఇందాక నాతోనూ అవునన్నావు. మా ఇద్దరిలో ఎవరో ఒకరిది తప్పవ్వాలి కదయ్యా."

అబ్రహాము నవ్వేసి పక్క మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ పెనాల్టీ మీద మాట ఆరు వారాలైనా తెగలేదు.

ఏప్రిల్ చివర్లో ఒక గురువారం ఫ్రాంక్‌కి కబురొచ్చింది. అతనికి సరిపడే కిడ్నీ దొరికింది. శుక్రవారానికల్లా ఆపరేషన్ బాగా జరిగిందని తెలిసింది. నార్మన్ నిజంగానే సంతోషించాడు, నర్సులందరికీ బిస్కెట్లు పంచాడు. తన గుండె బలహీనమని, తనకలాంటి కబురు ఎన్నటికీ రాదని అతనికి ఏనాడో తెలుసు. ఫ్రాంక్ కుర్చీలోకి ఒకావిడ వచ్చింది. ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నిద్రపోయేది.

రెండో వారం నార్మన్ ఇరవై నిమిషాలు ముందే మిషను ఆపేయమన్నాడు. తర్వాత నలభై నిమిషాలు. ఆ పైన గంట. పేషెంట్ కోరితే ఆపాల్సిందే, ఒక కాగితం మీద సంతకం చేస్తే చాలు. అబ్రహాము మంచిది కాదని మెల్లగా ఒకసారి చెప్పేవాడు. నార్మన్ తల తిప్పుకోగానే సరేనని సూదులు తీసేసేవాడు. నెల తిరక్కుండా నార్మన్ కాళ్ళు వాచాయి. రక్తపరీక్షలు బాగా లేవు. ఇలాగే సాగితే ఊపిరితిత్తుల్లోకి నీరొచ్చి వార్డులో చేరతాడని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ అబ్రహామును ఒక్క మాట అనలేదు. ఇంటికి పోతూ బస్సులో అతను తన చేతులవంక చూసుకున్నాడు. ఆ సూదులన్నీ తీసింది ఈ చేతులే.

ఆ సాయంత్రం కూతురు జెస్లిన్‌ని పిలిచి ఆ పెనాల్టీ వీడియో చూపించమన్నాడు. పద్నాలుగేళ్ళ జెస్లిన్ స్కూలు టీములో ఆడుతుంది. నాన్న ఫుట్‌బాల్ అడిగాడా అని వింతగా చూసి, ఫోనులో వెతికి పెట్టింది. ఇద్దరూ దాన్ని పదిసార్లు చూశారు.

"లుక్ ఎట్ రోరీ, డాడ్. హి వాంటెడ్ ఇట్," అంది జెస్లిన్.

అబ్రహాము చూస్తున్నది కెప్టెన్‌ని. కెప్టెన్ మేజోళ్ళు సర్దుకున్నాడు, నేల చూశాడు, మేనేజర్‌వైపు చూశాడు, గోలువైపు మాత్రం చూడలేదు. సూది అంటే భయపడేవాళ్ళు తమ చెయ్యి తప్ప గదిలో ఉన్నవన్నీ చూస్తారు. ఆ చూపు అబ్రహాముకి ఇరవై మూడేళ్ళుగా తెలుసు.

సోమవారం మిషను మొదలుపెట్టి మూడు గంటలు కావస్తుండగా నార్మన్, "ఇక చాలు, తీసెయ్," అన్నాడు.

అబ్రహాము కాగితం తేలేదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "మీరు గట్టిగా తీయమంటే తీస్తాను. అది మీ హక్కు. కానీ ఆ పెనాల్టీ సంగతిలో మీ మాట నేనొప్పుకోను నార్మన్. మేనేజర్ చేసింది తప్పే."

నార్మన్ తల ఇటు తిప్పాడు. "నీకేం తెలుసు ఫుట్‌బాల్ గురించి?"

"ఆట తెలీదు. భయపడ్డ మనిషిని చూస్తే తెలుస్తుంది. కెప్టెన్ భయపడ్డాడు. కుర్రాడు పడలేదు."

"భయం లేనివాడికి ఏం పోతుందో తెలీదన్నమాట," అన్నాడు నార్మన్ కుర్చీలో నిటారుగా సర్దుకుంటూ. "భయపడుతూ కూడా కొట్టేవాణ్ణే కెప్టెన్ అంటారు."

అబ్రహాము అదీ ఒప్పుకోలేదు. వేరే పేషెంట్లని చూసొస్తూ మళ్ళీ మళ్ళీ ఆ స్టూలు మీదకే చేరాడు. చివరికి మిషను తనంతట తాను మోగింది. నాలుగు గంటలూ పూర్తయ్యాయి.

ఆ తర్వాత నార్మన్ ఎన్నడూ ముందు లేవలేదని కాదు. జూన్‌లో రెండుసార్లు విసుగొచ్చి లేచిపోయాడు. కానీ కాళ్ళ వాపు తగ్గింది, ఆసుపత్రిలో చేరే అవసరం రాలేదు. జులైలో రోరీ స్కాట్లండ్ వెళ్ళిపోయాడు. ఉండి ఉంటే రెండేళ్ళలో కెప్టెన్ అయ్యేవాడని నార్మన్ వారమంతా నొచ్చుకున్నాడు. అబ్రహాము కాదన్నాడు. చెకప్‌కి వచ్చిన ఫ్రాంక్ కాసేపు నిలబడి విని, తన పక్షాన ఇంత చేతకాకుండా వాదించేవాణ్ణి ఎక్కడా చూడలేదని చెప్పి, ఆగస్టులో మొదటి మ్యాచ్‌కి తనతో రమ్మన్నాడు.

అబ్రహాము జెస్లిన్‌ని తీసుకుని వెళ్ళాడు. వాన ఆగకుండా కురిసింది. రోరీ చోట్లో ఆడిన కొత్తవాడు రెండుసార్లు జారిపడి, మూడోసారి గోలు కొట్టాడు. బంతి అందేలోపే అవతలి జట్టువాళ్ళని దాటి ముందున్నాడని, అది ఆఫ్‌సైడని రెఫరీ దాన్ని కొట్టేశాడు.

సోమవారం అబ్రహాము సూదులు సిద్ధం చేసుకుని వచ్చేసరికి నార్మన్ అప్పటికే చొక్కా చెయ్యి మడుచుకుని కూర్చున్నాడు. రేడియోలో విన్నానని, అది చక్కటి గోలని, ఆ రెఫరీకి కళ్ళు లేవని అన్నాడు.

"నేనక్కడే ఉన్నాను," అన్నాడు అబ్రహాము. "అది ఆఫ్‌సైడే."