వంకాయ మీద నేను ప్రకటించిన యుద్ధం

ఆ రోజుల్లో నాకు ఇరవయ్యారేళ్ళు. ఒంట్లో కొత్తగా వచ్చిన జబ్బు, చేతిలో ఎప్పటికీ అయిపోని ఫోను డేటా, ఎవరేం చెప్పినా వినని బుర్ర, ఈ మూడూ ఒకేచోట చేరితే మనిషి ఎంత ప్రమాదకరంగా తయారవుతుందో నన్ను చూసినవాళ్ళకే తెలుసు. ఒడిశాలో సెమిలిగుడ దగ్గర అల్యూమినియం ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం చేస్తుండేదాన్ని. ఒక చలికాలం పొద్దున లేచేసరికి రెండు చేతుల వేళ్ళూ ఉబ్బిపోయి, పిడికిలి బిగుసుకోనని మొరాయించింది. (చలివల్ల అనుకున్నాను. ఎండాకాలం వచ్చాక కూడా చలివల్లే అనుకున్నాను.) చివరికి విశాఖపట్నంలో డాక్టరమ్మ పరీక్షలు చేయించి, ఇది రుమటాయిడ్ కీళ్ళవాతమనీ, ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరబడి కీళ్ళమీద పడుతుందనీ చెప్పి, వారానికోసారి వేసుకునే మాత్రలు రాసిచ్చింది.

నాకు వంట చేసిపెట్టడానికి రాయగడ నుంచి పెద్దత్త, అంటే నాన్నగారి అక్క, క్వార్టర్స్‌కి వచ్చింది. పాపం, ఆవిడ వచ్చిన వారానికే నేను ఫోనులో వీడియోలు చూసి పండితురాలినైపోయాను. కీళ్ళ జబ్బంతా తిండిలోనే ఉందట. వంకాయ, టమాటా, బంగాళాదుంప, మిరపకాయ, చింతపండు, పాలు, గోధుమపిండి, ఇలా రోజుకొకటి వంటింట్లోంచి వెళ్ళగొట్టాను. పెద్దత్త నడుం మీద చెయ్యేసుకుని, "ఇయ్యన్నీ మానీసి నన్నేటి వండమంటావమ్మీ? పొయ్యిమీద నీల్లు పెట్టి దించీమంటావేటి?" అంది. నేను ఉప్పు కూడా తగ్గించి ఉడికించిన ఆనపకాయ ముక్కలు తింటూ, ఆవిడ అజ్ఞానానికి జాలిపడ్డాను. రెండు నెలలు తిరిగేసరికి వాపులు తగ్గాయి. మాత్రలు వేసుకుంటున్నదీ నేనే, ఆనపకాయ తింటున్నదీ నేనే. కానీ ఘనత మొత్తం ఆనపకాయకే కట్టబెట్టి, ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాను; పెద్దత్త అడిగితే వేసుకున్నాననేదాన్ని. అప్పటికి ఒంట్లో ఉన్న మందు బలంతో దాదాపు మూడు నెలలు బాగానే గడిచింది. అదే నా కొంప ముంచింది.

ఇంతలో గుణుపురంలో చిన్నాన్న కూతురి పెళ్ళి వచ్చింది. పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నం భోజనాల్లో నేను బంతి మొదట్నుంచి చివరిదాకా తిరుగుతూ ఉపన్యాసం ఇచ్చాను. నీటి మోటార్లు బాగుచేసే మావయ్య ఒకాయన (అందరూ మోటారు మావయ్య అనేవారు) మోకాలు పట్టుకుని కూర్చోవడం చూసి, ఆయన ఆకులోంచి గుత్తివంకాయ కూర తీయించేశాను. "ఒక్క కాయ తినీనా అమ్మీ?" అని బతిమాలాడు. "ఆ ఒక్కటే మావయ్యా మోకాల్లోకెళ్ళి కూర్చునేది!" అన్నాను. ఆయన వంకాయ వైపు చూసిన చూపు ఇప్పటికీ నన్ను వెంటాడుతుంది. ఇంకో ఇద్దరు అత్తలు టమాటా పప్పు కూడా వదిలేశారు. నాకు పెళ్ళికూతురి కన్నా ఎక్కువ గౌరవం దక్కుతోందనిపించింది.

మర్నాడు తెల్లారేసరికి నా వేళ్ళు నావి కావు. వాపు, సలుపు, మణికట్ల దగ్గర నిప్పులు. బయటికి చెప్పుకుంటే పరువేం కాను? మెల్లగా స్నానాల గదిలోకి వెళ్ళి, అరచేత్తో గడియ నెట్టుకున్నాను. తిరిగి తీయడానికి మాత్రం వేళ్ళు రాలేదు. మోచేత్తో ప్రయత్నించాను, తువ్వాలు చుట్టి లాగాను, ఆఖరికి పళ్ళతో కూడా పట్టుకుని చూశాను. బయట పెళ్ళివారంతా వరసలో నిలబడ్డారు. ముందు మర్యాదగా దగ్గారు, తర్వాత తలుపు బాదారు. "గడియ రావట్లేదు" అని ఏడుపు గొంతుతో చెప్పాల్సి వచ్చింది. మోటారు మావయ్యే పనిముట్ల సంచీతో వచ్చి, బందులు ఊడదీసి తలుపు పక్కన పెట్టాడు. తడి జుట్టుతో, ఉబ్బిన చేతులతో బయటపడ్డ నన్ను చూసి, "నిన్న నా ఆకులో వంకాయి తీయించీసేవు. మరి నీ సేతికేటొచ్చిందమ్మీ?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. అందుకే ఏడుపాగలేదు.

పెద్దత్త నన్ను గదిలోకి తీసుకెళ్ళి, చిన్నపిల్లకి దువ్వినట్టు జడ వేస్తూ అడిగింది. "నిజం సెప్పు. మాత్రలు మానీసేవు కదూ?"

"మూడు నెలలైంది."

ఆవిడ తిట్టలేదు. జడ చివర ముడేసింది. తర్వాత, "నీకు అన్నం కలుపుకోడానికి సెయ్యి రాదేమో అని రోజూ నాకు దిగులే. నువ్వేమో నాకే అబద్దం సెప్పేవు" అంది. ఆ మాటకి వేళ్ళ నొప్పి నిజంగానే మర్చిపోయాను.

పెళ్ళి అయిన మూడో రోజు ఇద్దరం విశాఖపట్నంలో ఉన్నాం. డాక్టరమ్మ మళ్ళీ మాత్రలు మొదలుపెట్టి, "తిండి సంగతి చూసుకో, మంచిదే. చేపలు, ఆకుకూరలు తిను, నూనెలో వేగినవి, తీపి తగ్గించు, బరువు పెరగకు. ఏదైనా పడట్లేదనిపిస్తే ఒక్కటే మాని చూసి, మళ్ళీ తిని చూడు. కానీ మందు పని మందే చెయ్యాలమ్మా. ఇంకొంచెం ఆలస్యమైతే కీళ్ళు శాశ్వతంగా వంగిపోయేవి" అంది. ఎడమచేతి ఉంగరం వేలు అప్పటికే కొద్దిగా వంగింది. అదలాగే ఉండిపోయింది. ఆవిడ చెప్పినట్టే ఒక్కొక్కటీ మాని పరీక్షించాను. నా కీళ్ళకి వంకాయతో గానీ టమాటాతో గానీ ఏ శత్రుత్వమూ లేదని తేలింది. స్వీట్లు, జంతికలు తగ్గించాక మాత్రం ఒళ్ళు తేలికపడింది. (అవి మానమని ఏ వీడియో చెప్పినా నేను దాటేసేదాన్ని.)

పోయిన నెల డాక్టరమ్మ గది బయట నా జబ్బే వచ్చిన రాయగడ అమ్మాయి ఒకతె వాళ్ళమ్మతో కూర్చుని ఉంది. మాటల్లో నా కథంతా చెప్పాను. ఓపికగా విని, "పాపం, అప్పట్లో ఇయ్యన్నీ ఎవులికీ తెల్దు కదండీ" అంటూ, ఉపవాసాలతో జబ్బు ఎలా పోతుందో నాకు వివరించడం మొదలుపెట్టింది. నేను వాదించలేదు. వాళ్ళమ్మని పక్కకి పిలిచి, మాత్ర ఆవిడ చేత్తోనే ఇవ్వమనీ, మింగేదాకా అక్కడే నిలబడమనీ చెప్పాను. తిరిగొచ్చి చూస్తే ఆ పిల్ల పక్కనున్న పెద్దాయనకి కూడా పాఠం చెబుతోంది. కళ్ళు మెరిసిపోతున్నాయి. ఈ మధ్య నాకు ఏ విషయమూ అంత గట్టిగా తెలియడం లేదు. ఆరోగ్యం బాగానే ఉంది గానీ, ఎప్పుడైనా ఆ ధీమా ఒక్కటే లోటనిపిస్తుంది.