నర్సు గారింటి హద్దు రాయి

ఇరవై ఏళ్ళ పైగా ఈ చుట్టుపక్కల నన్ను మంచి మనిషి అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా తల దించుకుంటాను. వినయం అనుకుంటారు. వినయం కాదు. ఇంకొకాయనకి దక్కవలసిన పేరు నేను తీసుకుని తిరుగుతున్నాను. అది మొయ్యడం ఏటేటా కష్టమవుతోంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముందు ఒక సంగతి. నేను తాపీ మేస్త్రీని. మంచి మేస్త్రీని. ఈ మాట అనుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గు లేదు. రాజోలు నుంచి తాటిపాక దాకా నేను కట్టిన ఇళ్ళు చాలా ఉన్నాయి. ఏ గోడకైనా తూకం గుండు వేలాడదీసి చూడండి, పైన ఎంత ఎడం ఉందో కింద కూడా అంతే ఉంటుంది. పదో తరగతి చదివి, నాన్న పోయాక తాపీ పట్టాను. ఖాళీ స్థలం చూసి ఎన్ని అడుగులో చెప్పేసేవాణ్ణి. తరవాత టేపు పెట్టి కొలిచినవాళ్ళు ఆశ్చర్యపోయేవారు. మేస్త్రీ కన్ను తప్పదని పేరు. ఆ పేరంటే నాకు ప్రాణం.

రత్నకుమారి గారు రాజోలు ఆసుపత్రిలో నర్సు. పెళ్ళి చేసుకోలేదు. ముసలి తల్లితో అద్దె ఇంట్లో ఉండేవారు. ఒంటరి ఆడదానికి సొంతిల్లు ఎందుకని వెనకాల అన్నవాళ్ళున్నారు. ఆవిడ పట్టించుకోలేదు. పెద్ద తుఫానుకి సత్తిరాజు గారి కొబ్బరితోట సగం పడిపోతే, ఆయన బోదె పక్కనున్న అంచు అమ్మకానికి పెట్టారు. బోదె అంటే మా వైపు చేలకి నీళ్ళు వెళ్ళే చిన్న కాలువ. అక్కడ ఐదు సెంట్లు ఆవిడ కొన్నారు. రాజమండ్రిలో ఇళ్ళకి అప్పులిచ్చే కంపెనీ ఒకటి ఆవిడ ఉద్యోగం చూసి లోను మంజూరు చేసింది. ఆ కాగితం వచ్చిన రోజు ఆసుపత్రిలో అందరికీ పూతరేకులు పంచారు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చి నాకూ చూపించారు. పునాది మాత్రం తన డబ్బుతో వేసుకోవాలి, కంపెనీ ఇంజనీరు వచ్చి చూశాక లోను డబ్బు వదులుతారు. అదీ షరతు.

ముగ్గు పోసే ముందు ఆవిడ అడిగారు, సర్వేయర్ని పిలిచి హద్దు రాళ్ళు చూపించమందామా అని. నేను నవ్వాను. నేనుండగా సర్వేయరు ఎందుకండి అన్నాను. పడమటి వైపు పడిపోయిన కొబ్బరిచెట్ల మొదళ్ళు వరసగా ఉన్నాయి. అదే హద్దని చూపుతోనే తేల్చేశాను. స్థలం అమ్మిన సత్తిరాజు గారు ఆ వారం అల్లవరంలో కూతురింట్లో ఉన్నారు. ఆయన వచ్చేదాకా ఆగుదామని కూడా నాకు తోచలేదు.

పడమటితో కలిపి మూడు వైపులా తవ్వకం అయింది. నాలుగోరోజు పొద్దున్నే, కూలీలు రాకముందు వెళ్ళి నైరుతి మూలకి దగ్గరలో మట్టి సర్దుతుంటే గునపానికి రాయి తగిలింది. పైన గుర్తు చెక్కిన సర్వే రాయి. నేను తవ్వించిన గీతకి మూడడుగులు లోపల ఉంది.

చూడగానే తెలిసిపోయింది. ఆ కొబ్బరి మొదళ్ళు హద్దు కాదు. ఎవరో ఎప్పుడో బోదె గట్టు మీద పాతుకున్న చెట్లు. గట్టు ప్రభుత్వానిది. నా కన్ను తప్పింది.

సరిచేయడం ఎంత పని? పడమటి కందకం పూడ్చి మూడడుగులు ఇవతల తవ్వించాలి. ఒక్కరోజు పని. ఆ ఒక్కరోజు కూలీల ముందు నిలబడి, పొరపాటు పడ్డానర్రా అని చెప్పాలి. నా నోటికి ఆ మాట అలవాటు లేదు. సమ్మెట తీసుకున్నాను. రాయి పీకి, ముక్కలు చేసి, కందకంలో వేశాను. ఆ మధ్యాహ్నమే దాని మీద కాంక్రీటు పోయించాను. ఆ రోజు పని చాలా చురుగ్గా సాగిందని గుర్తుంది. ఎంత సిగ్గుమాలిన సంగతి గుర్తుంచుకున్నానో చూడండి.

నెల తిరిగాక కంపెనీ ఇంజనీరు వచ్చాడు. గ్రామ పటం తెచ్చుకున్నాడు. తూర్పు వైపు రాయి దగ్గర్నించి కొలుచుకుంటూ వచ్చి పడమటి పునాది దగ్గర ఆగాడు. ఇక్కడ ఒక రాయి ఉండాలే అన్నాడు. నర్సు గారు నా వైపు చూశారు. నేను లేదన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. అమ్మినవాళ్ళు జరిపేసేరేమోనండి అని కూడా అన్నాను. ఎందుకన్నాను? ముందుగా అనుకున్న మాట కాదు. నోట్లోంచి వచ్చేసింది. అతను రాసుకున్నాడు.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. స్థలం హద్దుల మీద అనుమానం ఉందనీ, కట్టడంలో కొంత ప్రభుత్వ భూమిలో ఉందనీ, అందువల్ల మంజూరు చేసిన లోను రద్దు చేస్తున్నామనీ. ఆవిడ ఆసుపత్రి వరండాలో నిలబడే చదివారు. లోను వస్తే ఇల్లు త్వరగా లేస్తుందని నమ్మి, అప్పటికే అద్దె ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పేశారు, వేరేవాళ్ళు అక్కడ దిగడానికి సిద్ధంగా ఉన్నారు. తల్లిని తీసుకుని ఆసుపత్రి వెనక ఒంటి గదిలోకి మారారు.

రాజమండ్రికి మూడుసార్లు తిరిగారు. మూడోసారి నన్ను తోడు రమ్మన్నారు. మేనేజరు ఫైలు తెరవకుండానే మాట్లాడాడు. మళ్ళీ సర్వే చేయించి, ఎమ్మార్వో ఆఫీసు నుంచి కాగితం తెచ్చి, వచ్చే ఏడాది కొత్తగా దరఖాస్తు పెట్టుకోండి, అప్పుడు చూద్దాం అన్నాడు. తప్పు స్థలానిది కాదు, నాది అని నేను అప్పుడు చెప్పి ఉంటే? ఆయన వినేవాడేమో. వినకపోయినా ఆవిడకి తెలిసేది. నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

మెట్లు దిగాక ఆవిడ ఆగారు. ఇస్తామని కాగితం మీద రాసిచ్చి వెనక్కి లాక్కున్నవాళ్ళ గుమ్మం మళ్ళీ ఎక్కనని చెప్పారు. కళ్ళల్లో నీళ్ళు లేవు. ఆ మనిషిని చూస్తే నాకు గర్వమనిపించింది. నేను చేసిన పనికి ఆవిడ కూలిపోలేదు. బస్సులో వస్తూ నేనే అన్నాను, జీతం మీద ఇటుకలు కొనండి, నాకు కూలి వద్దు, ఆదివారాలు నేను కడతాను అని.

ఈలోగా సత్తిరాజు గారు రాయి జరిపి పక్కనున్న గట్టు కలిపి అమ్మేశారని ఊరంతా పాకింది. నర్సు గారు ఆయనతో మాట మానేశారు. ఆయన ఒక ఉదయం పని దగ్గరికి వచ్చారు. నేనొక్కణ్ణే ఉన్నాను. సైకిలు స్టాండు వేసి, కండువాతో మొహం తుడుచుకుని, నెమ్మదిగా అడిగారు.

"మేస్త్రీ, నువ్వు ముగ్గు పోసిన్నాడు రాయి ఇక్కడే ఉండాలి. చూడలేదా?"

"లేదండి."

"తవ్వినప్పుడు కూడా కనపళ్ళేదా?"

"లేదండి, సత్తిరాజు గారూ."

ఆయన ఆ మూలకి వెళ్ళి కాలితో మట్టి కదిపి చూశారు.

"అయితే లేదన్నమాటే. నీ కన్ను తప్పదు కదా. మా నాన్న ఉండగా సర్వేయర్లు వచ్చి పాతేరు, నేను పక్కనే ఉన్నాను. మరి ఏమైపోయిందో."

"ఆయ్" అన్నాను. ఆయన సైకిలు తీసుకుని వెళ్ళిపోయారు. నన్ను అనుమానించలేదు. తన జ్ఞాపకాన్నే అనుమానించుకుంటూ వెళ్ళారు.

తరవాత ఆరేళ్ళు. నర్సు గారు ఒక నెల ఇటుక, ఒక నెల సిమెంటు కొనేవారు. ప్రభుత్వ భూమిలో పడిందన్న పడమటి పునాది నేనే అడుగుదాకా పగలగొట్టాను. అడుగున ఆ రాయి ముక్కలు మళ్ళీ బయటపడ్డాయి. గుర్తు చెక్కిన ముక్క చేతిలోకి వచ్చింది. ఆవిడ అక్కడే కొబ్బరి మొదలు మీద కూర్చుని టీ తాగుతున్నారు. పది అడుగుల దూరం. దేవుడే అవకాశం ఇచ్చాడని ఇంకెవరైనా అనుకునేవారు. నేను ఆ ముక్కని బోదెలోకి విసిరేశాను. మొదటిసారి కంగారులో చేశానని చెప్పుకోవచ్చు. ఈసారి ఏమని చెప్పుకోను?

సరైన హద్దులో గోడ లేపాను. వంటగది చిన్నదైంది, అందుకని మెట్లు బయటికి మార్చి, కిటికీ పెద్దది పెట్టి, వెలుతురు నిండేలా చేశాను. అలాంటి వంటగది ఇంకెక్కడా కట్టలేదు. స్లాబు పోసిన రోజు ఆసుపత్రి వాళ్ళంతా వచ్చి తట్టలందించారు. ఆ ఇల్లంటే నాకు గర్వం. ఇవాళ్టికీ చెమ్మ ఎక్కలేదు, ఎక్కడా బీట లేదు. ఈ గర్వాన్ని వదులుకోమని మీరంటే వదులుకోలేను.

గృహప్రవేశం రోజు ఆవిడ నాకు కొత్త బట్టలు పెట్టారు. అందరి ముందూ ఒక్క మాట చెప్పారు: "కంపెనీ కాదనుకుంది, మేస్త్రీ గారు నిలబడ్డేరు." భోజనాల దగ్గర ప్రతి మనిషీ నన్ను పొగిడారు. సత్తిరాజు గారిని పిలవలేదు. ఎందుకు పిలవలేదో అందరికీ తెలుసు. నేను తృప్తిగా తిన్నాను.

మరుసటి ఏడు ఆయన పోయారు. నేను వెళ్ళాను. ఇంటి ముందు నిలబడి ఒకాయన అన్నాడు, మనిషి మంచివాడే, ఆ రాయి విషయంలోనే కక్కుర్తి పడ్డేరు అని. లోపల శవం ఉంది. కూతురు గుమ్మం పక్కనే కూర్చుంది, విన్నది, తల ఎత్తలేదు. నా దగ్గర ఒక్క మాట ఉంది. ఆ మాట ఆయనకి ఇక పనికిరాదు, కానీ ఆ పిల్లకి పనికొచ్చేది. చెప్పలేదు. చెప్పులేసుకుని వచ్చేశాను.

భయమా అని నన్ను నేనే చాలాసార్లు అడిగాను. నర్సు గారు ఏమంటారోనని? మొదట్లో అదే అనుకున్నాను. కాదు. చెప్పేస్తే ఆరేళ్ళ ఆదివారాలు నా గొప్పతనం కాకుండా పోతాయి. చెడగొట్టినవాడే బాగుచేశాడు, అందులో ఏముంది అంటారు. ఆ ఇంటిని అంత చక్కగా కట్టి, దాని వల్ల వచ్చిన పేరు మాత్రం తిరిగి ఇచ్చెయ్యడం నా వల్ల కాలేదు. ఆయన పరువు పోయినా పరవాలేదనుకున్నాను, నా పేరు పోకూడదనుకున్నాను. తిప్పి తిప్పి చూసినా చివరికి తేలేది ఇదే.

నర్సు గారు రిటైరయ్యారు, ఆ ఇంట్లోనే ఉన్నారు. దారిలో కనపడితే టీ తాగి వెళ్ళమంటారు, వెళతాను. రేపు ఆవిడకి చెబుతానని మీకు మాటివ్వను. ఇన్నేళ్ళు నాకు నేనే ఇచ్చుకున్న మాట నిలబెట్టుకోలేదు.

ఇది రాయడం మొదలుపెట్టి నాలుగు రోజులైంది. మూడు రోజులు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఇప్పుడు రాసేశాను. సత్తిరాజు గారు ఎవర్నీ మోసం చేయలేదు. నిజాయితీగా అమ్మారు, నిజమే చెప్పారు. అబద్ధం చెప్పింది నేను. క్షమించమని అడగడం లేదు, అడగవలసిన మనిషి లేరు. ఒకసారి పైకి చదువుకున్నాను, నా గొంతుతో. ఊపిరి కాస్త సుఖంగా ఆడింది. అంతేనండి.