‘చెప్పదలచుకోలేదు’ అన్నవాళ్లు

ఫారం రాయడంలో నాకు బాగా నచ్చే పని తప్పు చెప్పే పని. వెబ్‌సైట్‌లో ఎవరో పేరు రాస్తారు, ఫోన్ నంబరు రాస్తారు, ఒక అంకె తక్కువ పడుతుంది. ఆ సంగతి వాళ్లకు ఎప్పుడు చెప్పాలి, ఏ మాటతో చెప్పాలి అన్నది జావాస్క్రిప్ట్ అనే కంప్యూటరు భాష‌లో నేను రాస్తాను. ఇంకా టైపు చేస్తుండగానే ఎర్ర అక్షరాలతో మీద పడకూడదు. ఆ గడి దాటి పక్క గడిలోకి వెళ్లాక, దాని కిందే, “నంబరులో పది అంకెలు ఉండాలి, ఇంకొక అంకె రాయండి” అని నెమ్మదిగా చెప్పాలి. నంబరు మధ్యలో ఖాళీ వదిలితే మనమే తీసేసుకోవాలి, దానికి కూడా తప్పు పట్టకూడదు. పేరులో చుక్క ఉంటే ఒప్పుకోని ఫారాలను చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి పక్కన చుక్క పెట్టుకునే మనుషులు మా వైపు వీధికి వందమంది ఉంటారు. వాళ్లంతా తమ పేరు తప్పని ఎందుకు అనిపించుకోవాలి?

తిరుపతిలో బస్టాండుకు కాస్త దూరంలో, ఒక మందుల షాపు పైన మా ఆఫీసు. కళ్యాణ మండపాలకు, ట్రావెల్స్ వాళ్లకు, చిన్న కాలేజీలకు సైట్లు చేసేవాళ్లం. యజమానిని సారు అనేవాళ్లం. నా పక్క సీటులో నా తరువాత చేరిన ఒక అమ్మాయి ఉండేది. వాళ్లది వైష్ణవుల కుటుంబం, నాన్న దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. చేరేనాటికి ఆమెకు ఫారంలో బటన్ నొక్కితే ఏం జరుగుతుందో కూడా సరిగా తెలియదు. పక్కన కూర్చోబెట్టుకుని అంతా నేనే నేర్పాను. హాస్టల్ తిండి నాకు పడదని తెలిసి వాళ్లమ్మ రోజూ ఇంకొక డబ్బాలో నాకూ దద్ధోజనం పెట్టి పంపేది. దానిమ్మ గింజలు వేసి, పైన అల్లం తురిమి. ఆ రుచిని ఇప్పుడు కూడా కాదనలేను.

మాది చిత్తూరు. నాన్నకు అక్కడ పరుపుల అంగడి. చిన్నప్పటినుంచీ దూది మధ్యే బతికిన మనిషి, ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరింది. దగ్గు మొదలైతే గోడ పట్టుకుని నిలబడేవాడు. తిరుపతి డాక్టరు మాటిమాటికీ రమ్మంటున్నాడు, బస్సులో వచ్చి పోయేసరికి మనిషి సగమైపోతున్నాడు. అంగడి మా చిన్నాన్నకు అప్పగించి అమ్మానాన్నలు తిరుపతి వచ్చేయాలని, ముగ్గురం ఒక ఇల్లు తీసుకోవాలని అనుకున్నాం.

ఆదివారాలు వీధులు పట్టుకుని తిరిగాను. టు-లెట్ బోర్డు కనిపించిన ప్రతి గేటూ తట్టాను. ఒక ఇంటి యజమానురాలు నన్ను లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చి, గదులన్నీ తిప్పి చూపించింది. గాలీ వెలుతురూ బాగున్న ఇల్లు.

“ఎంతమందమ్మా మీరు?”

“అమ్మా నాన్నా నేనూనండీ.”

“యా ఊరు?”

“చిత్తూరు.”

“మంచిది. పేరేందమ్మా?”

చెప్పాను. ఆమె ముఖంలో కోపమేమీ రాలేదు. తొందర వచ్చింది. “అయ్యో, పొద్దున్నే ఎవురో మాట్లాడుకోని పొయినారంట గదా! మా ఆయన నాకు చెప్పనే లేదు సూడు” అంటూ నన్ను గేటు దాకా సాగనంపింది. పై వారం అటు వెళితే బోర్డు అలాగే వేలాడుతోంది. ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. ఒకచోట శాకాహారులకే అన్నారు, మేం ఇంట్లో మాంసం వండమని చెప్తే, అత్తగారిని అడగాలన్నారు. మెట్లెక్కడం, మాట మారడం, మెట్లు దిగడం. హాస్టల్‌కొచ్చి ముఖం కడుక్కునేదాన్ని.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆఫీసుకు ఒక ఇళ్ల బ్రోకరు వచ్చాడు. ఐరాల వైపు మనిషి, యాభై దాటినవాడు, నవ్వు ముఖం. అద్దె ఇళ్లకు సైటు కావాలన్నాడు. యజమానులు ఇంటి వివరాలు పెడతారు. ఇల్లు కావలసినవాళ్లు ఫారం నింపుతారు. ఆయన మనుషులు రెండూ చూసి, కుదిరినవాళ్లకు ఫోన్ చేస్తారు. ఆ పని నాకు వచ్చినప్పుడు నిజంగా సంతోషించాను. ఎన్ని గదులు కావాలి, ఏ వీధి, ఎంతమంది, ఎప్పటినుంచి, ఇవి చాలు కదా మాట కుదరడానికి? ఆ తరువాతే ముఖాలు చూసుకోవడం. నాలాంటి వాళ్లకు కొన్ని మెట్లైనా తప్పుతాయనుకున్నాను. ఆ ఫారంలో ప్రతి గడినీ ప్రేమగా రాశాను.

ఫారం చూపించే రోజు ఆయన కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు. మౌస్ తానే పట్టుకుని పైనుంచి కింది దాకా చూశాడు.

“శానా బాగుండాదమ్మా. ఒకటి మాత్రం మర్చిపొయినావు. మతం యాడ?”

“ఇల్లు అడిగేవాళ్లకు అదెందుకండీ?”

“ఎందుకేందమ్మా! సాయిబులొచ్చి ఇల్లంతా చూసుకోని, మాటలైనాక ఓనరు వద్దంటే బాధ ఎవురికి? పాపం వాళ్లకే గదా. ముందే తెలిస్తే మనమే పంపించం. వాళ్లకూ తిరుగుడు తప్పుతాది.”

పక్క సీటులో టైపింగ్ చప్పుడు ఆగిపోయింది.

“నేను సాయిబుల పిల్లనే సార్” అన్నాను.

ఆయన నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. “అట్లనా! చూస్తే తెలీనే లేదే” అన్నాడు. అది మెచ్చుకోలనే ఆయన ఉద్దేశం. “మనసులో పెట్టుకోవాకమ్మా. నాకేముండాది? మా నాయనకు దోస్తులంతా సాయిబులే. పండగొస్తే మా ఇంటికి సేమ్యా రావాల్సిందే. ఓనర్లు అడుగుతారు, నేనేం చేసేది? పెడతావు గదా? పక్కన ఎర్ర చుక్క పెట్టు. అది లేకపోతే ఎవురూ నింపరు.”

ఎర్ర చుక్క ఉంటే ఆ గడి నింపక తప్పదు. ఖాళీగా వదిలితే ఫారం ముందుకు కదలదు.

ఆయన వెళ్లాక సారు గదిలోకి వెళ్లాను. ఏది లేకపోతే పని జరగదో దానికే ఎర్ర చుక్క పెట్టాలి కదా, మతం తెలియకపోతే ఇంట్లో పంపు రాదా, కరెంటు ఉండదా అని అడిగాను. సారు చెడ్డవాడు కాదు. గొడవంటే భయపడే మనిషి. కాసేపు బల్ల మీద వేళ్లతో కొట్టి, “ఒక పని చేద్దాం. గడి పెట్టు, చుక్క కూడా పెట్టు. మతాల కింద చివర్లో ‘చెప్పదలచుకోలేదు’ అని ఇంకొకటి పెట్టు. ఆయన మాటా నిలబడుతుంది, నీ మాటా నిలబడుతుంది” అన్నాడు.

గెలిచాననే అనుకున్నాను. ఆ గడి కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం నా సొంతంగా చేర్చాను: “ఈ వివరం చెప్పకపోయినా మీ ఫారం తీసుకుంటాం.” సైటు మొదలైంది.

మొదలైన వారంలోనే మా ఇంటి కోసం ఆఫీసులో నా సీటులో కూర్చునే ఫారం నింపాను. మతం దగ్గర ‘చెప్పదలచుకోలేదు’ ఎంచుకున్నాను. నేను రాసిన తనిఖీలన్నీ ఒక్కొక్కటే నన్ను దాటనిచ్చాయి. సబ్మిట్ నొక్కగానే పచ్చటి అక్షరాలు వచ్చాయి: “ధన్యవాదాలు. మీ వివరాలు అందాయి. త్వరలో ఫోన్ చేస్తాం.” పక్క సీటు అమ్మాయితో, “చూడు, ఇప్పుడు ఇల్లు దొరుకుతుంది” అన్నాను. ఆమె తల ఊపింది.

ఫోన్ రాలేదు. నాన్న మాట్లాడినప్పుడల్లా “వాళ్లు చేసినారామ్మా?” అని అడిగేవాడు. “చాలామంది ఉంటారు కదా, వరస రావాలి” అనేదాన్ని. అమ్మ గిన్నెలు కొన్ని అప్పటికే గోనెసంచుల్లో కట్టి పెట్టింది. ఆఫీసులో పక్క సీటు అమ్మాయి నాతో మధ్యాహ్నం తినడం తగ్గించింది. తలనొప్పి అనేది, ఉపవాసం అనేది. డబ్బా మాత్రం నా బల్ల మీద పెట్టి వెళ్లేది.

ఒకరోజు ఇద్దరం తింటుండగా ఆమె చెయ్యి ఆపేసి అంది.

“నువ్వు ఆ ఫోన్ కోసరం కాసుకోని ఉండొద్దు.”

“ఏం?”

“రాదు.”

నాకు అర్థం కాలేదు. ఆమె డబ్బా వైపే చూస్తూ చెప్పుకుపోయింది. నేను ఇంకా ఫారం నింపకముందు, నాన్నను ఆస్పత్రికి తీసుకెళ్లడానికి సెలవు పెట్టిన రోజు బ్రోకరు వచ్చాడట. ‘చెప్పదలచుకోలేదు’ అనేవాళ్లంతా ఎవరో తెలిసిందే కదా, వాళ్లకు ఫోన్లు చేసి తన మనుషులకు పని దండగ అన్నాడట.

“ఆ మాట తీసేస్తే నువ్వు ఒప్పుకోవని సారు అన్నాడు. అందుకని దాన్ని అట్లే ఉంచి...”

“ఉంచి?”

“సబ్మిట్ కొట్టినాక, ఆ మాట ఎంచుకున్నారా లేదా అని ఫారం చూస్తాది. ఎంచుకున్నోళ్ల వివరాలు సర్వరుకు పంపించదు. థాంక్స్ మాత్రం చూపిస్తాది.”

“ఎవరు రాశారు?”

“నేనే.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే నువ్వు సారుతో కొట్లాడతావు. నిన్ను తీసేస్తే మీ నాయన మందులకు ఎట్లా? నీ కోసరమే చెప్పలేదు.”

“నేను నింపేటప్పుడు పక్కనే ఉన్నావు కదా. చూశావా?”

“చూసినా” అంది.

చెయ్యి కడుక్కుని వచ్చి ఆ ఫైలు తెరిచాను. వెతకాల్సిన పనే లేకపోయింది. నేను నేర్పినట్టే శుభ్రంగా రాసింది. ఎవరు చదివినా తెలిసేలా పేర్లు పెట్టింది, పైన ఆ కోడ్ ముక్క ఏం చేస్తుందో వివరం రాసింది, వరసలన్నీ తీరుగా సర్దింది. ఒక అంకె తక్కువైనవాడికి ఎక్కడ తక్కువైందో చెప్పే ఫారం, మాలాంటి వాళ్లకు మాత్రం అంతా బాగుందని చెబుతోంది. ఎర్ర అక్షరాలతో “మీకు ఇల్లు లేదు” అని ఉంటే ఆ రోజే మళ్లీ వీధుల్లో పడి వెతుక్కునేదాన్ని. ఆ పచ్చ అక్షరాలను నమ్మి మా నాన్న అన్నాళ్లూ ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనలాంటి వాళ్లు ఇంకెంతమంది కూర్చున్నారో తెలుసుకునే దారి కూడా లేదు. వాళ్లు రాసిందేదీ ఎక్కడికీ చేరలేదు.

సారు గదిలోకి వెళ్లి, ఆ ముక్కైనా తీసేయండి, లేదా చెప్పకపోయినా ఫారం తీసుకుంటామన్న నా వాక్యమైనా అబద్ధం కాకుండా చూడండి అన్నాను. ఆయన కంప్యూటరు వైపు తిరిగి కూర్చున్నాడు.

“ఎవురినీ వద్దనలేదు గదమ్మా. ఫారం తీసుకుంటా ఉండాది, థాంక్స్ చెప్తా ఉండాది. ఇంకేం కావాల?”

మర్నాడు నేను వచ్చేసరికి మార్పు జరిగిపోయింది. ఆ ముక్క అలాగే ఉంది. నా వాక్యం తీసేశారు. తీసింది పక్క సీటు అమ్మాయే, సారు చెప్పాడని.

ఉద్యోగం మానేశానని చెప్పుకోగలిగితే బాగుండేది. మానలేదు. మందులు ఆగకూడదు, చిత్తూరులో నా పనికి చోటు లేదు. అదే సీటులో కూర్చుని ఒక కళ్యాణ మండపం వాళ్లకు బుకింగ్ ఫారం రాశాను, ఒక ట్యూషన్ సెంటరుకు రాశాను. పక్కపక్కనే ఉండి పని మాటలు తప్ప మాట్లాడుకోలేదు. బ్రోకరు ఒకసారి వచ్చి నా బల్ల మీద లడ్డూ పొట్లం పెట్టి, “మీ నాయనకు ఎట్లుండాదమ్మా?” అని అడిగాడు. నాన్న సంగతి ఆయనకు సారు చెప్పినట్టున్నాడు. ఆ అడగడంలో నటనేమీ లేదు.

ఇల్లు చివరికి నాన్నే చూసుకున్నాడు. ఆయనకు దూది అమ్మే వ్యాపారి బంధువులది, మావాళ్లే ఎక్కువగా ఉండే సందులో. కింద పిండిమర. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేల అదురుతూనే ఉంటుంది. కిటికీ తెరిస్తే పిండి దుమ్ము లోపలికొస్తుంది, మూస్తే ఉక్క. దూది దుమ్ము నుంచి తప్పించడానికి తెచ్చిన మనిషిని పిండి దుమ్ములో పెట్టాం. డాక్టరు విని తల పట్టుకున్నాడు. నాన్న మాత్రం, “పేరు చెప్పినాకే తలుపు తెరిచినారమ్మా ఈడ. అది చూడు ముందు” అన్నాడు. నేను చూడలేకపోయాను. రాత్రుళ్లు దగ్గు వినిపించినప్పుడు ఆ గాలీ వెలుతురూ ఉన్న ఇల్లే కళ్లముందు మెదిలేది.

ఇల్లు కుదిరాక అమ్మ క్యారియర్ కట్టడం మొదలుపెట్టింది. “ఇంక నాకు వద్దు, ఇంటినుంచి తెచ్చుకుంటాను” అని ఆ డబ్బా వెనక్కిచ్చాను. ఆమె తీసుకుని సంచిలో పెట్టుకుంది. తరువాత ఆమెకు పెళ్లి కుదిరి ఉద్యోగం మానేసింది. చివరి రోజు మెట్ల దగ్గర నిలబడి, “నామీద ఇంకా కోపమా?” అని అడిగింది. “లేదు” అన్నాను. వెంటనే నమ్మేసి, నా చెయ్యి పట్టుకుని పెళ్లికి అమ్మను కూడా తీసుకురావాలని ఒట్టు వేయించుకుంది.

వెళ్లకూడదనే అనుకున్నాను. జరిగిందేదీ ఇంట్లో చెప్పలేదు కాబట్టి అమ్మ ఊరుకోలేదు. “అన్ని రోజులు నీకు అన్నం పెట్టిన తల్లి ఆమె, పోకపోతే ఏమనుకుంటాది?” అని మంచి చీర కట్టుకుని నాకంటే ముందే తయారైంది. పంక్తిలో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. పెళ్లికూతురి తల్లి మమ్మల్ని చూసి, వడ్డించేవాళ్ల చేతిలోంచి బకెట్ తీసుకుని మా విస్తళ్లలో తానే పులిహోర పెట్టింది.

“ఇల్లు దొరికిందంట గదమ్మా, సంతోషం” అంది అమ్మతో.

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. “దొరికిందమ్మా. మీ బిడ్డ పక్కనుండబట్టి మా పిల్ల ఆ కష్టంలో నిలబడింది. శానా మంచి మనసు ఆ బిడ్డది. సల్లగా ఉండాల.”

ఆమె కళ్లు తుడుచుకుంటూ ముందుకు వెళ్లింది. అమ్మ నా వైపు తిరిగి, ఎందుకు తినడం లేదని అడిగింది. వేడిగా ఉందన్నాను.