ఉతకని చీర

నా చిన్నప్పుడు మా నాన్న బోనకల్ నుంచి ఒక బర్రెను కొనుక్కొచ్చాడు. ఇల్లందు దాటి అడవి మొదలయ్యే చోట మా ఊరు. కొనడం వరకే నాన్న పని, పాలు పితికేది మా నాయనమ్మ. వచ్చిన పూటే ఆ బర్రె ఒక్క తన్నుతో చెంబు ఎగరగొట్టింది. దూడను వదిలినా, ముందు తవుడు పెట్టినా చేపలేదు. పొదుగు నిండుగా ఉంది, చుక్క మాత్రం దిగలేదు. మేత ముట్టకుండా కొట్టం వాకిలి వైపు చూస్తూ అరిచేది. నాన్నకు విసుగొచ్చింది. "మోసపోయినం. వచ్చే సంతల అమ్మేస్త" అన్నాడు.

నాయనమ్మ మరునాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకొని ఖమ్మం బస్సెక్కింది. అక్కడి నుంచి ప్యాసింజరు రైల్లో బోనకల్ పోయాం.

బర్రెను అమ్మినావిడది ఇంచుమించు నాయనమ్మ వయసే. మోకాళ్ల నొప్పులతో పశువుల పని చేసుకోలేక అమ్ముకుంది. మమ్మల్ని చూడగానే మంచినీళ్లు కూడా ఇవ్వకుండా "గేదె బాగుందా?" అని అడిగింది.

"పాలిస్తలేదక్కా. నువ్వు కట్టి విడిచిన చీర ఒకటి ఇయ్యి, కట్టుకొని పిండుకుంట."

ఆవిడ లోపలికి వెళ్లి మడత నలగని మంచి చీర తెచ్చింది. నాయనమ్మ తల అడ్డంగా ఊపింది.

"గిది కాదు. ఉతకనిది గావాలె."

"అయ్యో, ఉతకంది ఎలా ఇస్తానండీ? పేడ కంపు కొడుతుంది."

"అవ్, గా కంపే గావాలె."

ఇద్దరూ పెద్దగా నవ్వారు. ఆ తర్వాత దండెం మీది పాత చీర తీసిస్తూ ఆవిడ కళ్లు తుడుచుకుంది. మెడ కింద గోకితే దానికి ఇష్టమని చెప్పింది.

ఆ సాయంత్రం నాయనమ్మ ఆ చీర కట్టుకొని కొట్టంలోకి నడిచింది. పక్కింటి పెద్దమ్మ గోడ మీది నుంచి చూసి, "ఏందత్తా, బోనకల్ కోడలివైనవా?" అంది. "ముందు పాలు దిగనీ, తర్వాత చెప్త నీ సంగతి" అంది నాయనమ్మ. బర్రె కొంగును చాలాసేపు వాసన చూసింది. నాయనమ్మ దాని మెడ కింద గోకి, పొదుగు దగ్గర కూర్చుంది. కాసేపటికి ఖాళీ చెంబులో ధార పడిన చప్పుడు వినబడింది. నాన్న మళ్లీ సంత మాట ఎత్తలేదు.

కొన్నాళ్లు ఆమె అదే చీరలో పాలు పితికింది. తర్వాత తన చీర కట్టుకొని, దాన్ని భుజాన వేసుకొని కూర్చునేది. ఇంకొన్నాళ్లకు దాన్ని పక్కనున్న గుంజకు కట్టింది. ఒకరోజు చూస్తే గుంజకు కూడా లేదు. ఎప్పటికీ అదే కట్టుకోవచ్చు కదా అని అడిగాను. "గట్ల జేస్తే నేను ఎన్నటికీ బోనకల్ ఆమెనే. మరి అది మనింటి బర్రె ఎప్పుడైతది?" అంది. నేనప్పుడు దాన్ని బర్రె సంగతిగానే విన్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు పట్నంలో, యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. అప్పటిదాకా ఇల్లందులో చదివి, ప్రతి సాయంత్రం ఇంటికొచ్చి తిన్నదాన్ని. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. ఒక మాటకు అర్థం వెతుక్కునే లోపల సారు బోర్డు తుడిచేసేవారు. మెస్సులో కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. రోజూ సాయంత్రం బూత్ నుంచి మా ఊరి కిరాణా కొట్టుకు ఫోన్ చేసి, నాయనమ్మను పిలిపించి, ఆమె గొంతు విని పెట్టేసేదాన్ని. శనివారం వస్తే బస్సెక్కేదాన్ని. ఒక శనివారం పెట్టె కూడా తెచ్చేసుకున్నాను. ఇక పోనని చెప్పాను. "పోకుంటే మాయె, ఇల్లందుల ఏదన్న బడిల పాఠాలు చెప్పుకో బిడ్డా" అన్నాడు నాన్న. ఆయనకు నా ముఖం చూడలేనంత బాధగా ఉంది.

నాయనమ్మ లోపలికి వెళ్లి, ఒంటిమీది చీర మార్చుకొని వచ్చి, విడిచినదాన్ని నా పెట్టెలో పెట్టింది. "పో" అంది. ఇంకేమీ చెప్పాల్సిన అవసరం లేదు, నేను బోనకల్ వెళ్లినదాన్ని.

హాస్టల్లో దాన్ని కప్పుకొని పడుకున్నాను. నా రూమ్‌లో ఉండే శ్రీకాకుళం అమ్మాయి ముక్కు మూసుకొని, "ఏటే ఇది, పొయ్యిలోంచి తెచ్చినావేటి?" అని నవ్వింది. కొన్నాళ్లకు నేను క్లాసు నుంచి వచ్చేసరికి ఆ అమ్మాయే నా మంచం మీద కూర్చొని, ఆ చీర చెంగు ముఖానికి ఆనించుకొని ఉంది. వాళ్లింట్లోనూ కట్టెల పొయ్యేనట. ఆ పూట ఇద్దరం కలిసి మెస్సుకు వెళ్లాం. నాకు కడుపు నిండింది. తర్వాత నోట్సులు కూడా కలిసే రాసుకునేవాళ్లం.

ఆ చీరను వెంటబెట్టుకొనే ఇంటికి వెళ్లేదాన్ని. ఒకసారి నాయనమ్మ దాన్ని తీసుకొని, నిలువునా చింపి, సగమే తిరిగి ఇచ్చింది. మరోసారి అందులోనూ సగం చేసింది. ప్రతి శనివారం వెళ్లేదాన్ని కాస్తా నెలకొకసారికి వచ్చాను. సంక్రాంతి దాటాక ఒకసారి వెళ్తే, "ఏదీ ముక్క?" అంది. రూమ్‌లోనే మర్చిపోయానని చెప్పాను.

ఆమె నన్ను తేరిపార చూసింది. "గట్లయితే పాలు దిగినయ్" అంది.

నేను ఆ చదువు పూర్తి చేశాను. ఇప్పుడు ఒక కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. మొదటి ఏడాది పిల్లలు వారం వారం ఊరికి పరుగెత్తితే తోటి లెక్చరర్లు కోప్పడతారు. నేను కోప్పడలేను. తిరిగి ఎప్పుడొస్తావని మాత్రం అడుగుతాను.

నాయనమ్మ పోయిన ఏడాది పోయింది. ఆమె బట్టలన్నీ ఆనవాయితీ ప్రకారం ఇచ్చేశారు. దండెం మీద ఉతకని చీర ఒకటి మిగిలితే నేను అడిగి తెచ్చుకున్నాను. మొదట్లో కప్పుకొని పడుకున్నాను. కొన్నాళ్లు మడిచి తలగడ కింద పెట్టుకున్నాను. తర్వాత నా చీరల మధ్య చేర్చాను. మొన్న ఆదివారం దాన్ని ఉతికి ఆరేశాను. సోమవారం కట్టుకొని క్లాసుకు వెళ్లాను.