మరియమ్మక్క గింజలూ, నా జెనెటిక్సూ

పరీక్షలో కరెక్ట్ ఆన్సర్ పెట్టి ఏడుపు ముఖం వేసుకున్న మనిషిని ఎప్పుడైనా చూశారా? పోయిన నెల నన్ను చూసుండాల్సింది!

దుబాయ్ దగ్గర అల్ ఐన్‌లో ఒక చిన్న కిరాణా షాపులో కౌంటర్ మీద నా ఉద్యోగం. మధ్యలో ఆగిపోయిన చదువుని ఓపెన్ స్కూల్లో సొంతంగా లాక్కొస్తున్నాను. టీచర్ లేదు, ట్యూషన్ లేదు. ఒక ఫోను, ఒక పాత పుస్తకం, బోలెడంత తొందర. రెండు వీడియోలు చూశానంటే ఎదుటివాళ్ళకి క్లాసు పీకే రకం నేను.

నిరుడు ఆ క్లాసు మరియమ్మక్కకి పీకాను. ఆమెది అమలాపురం దగ్గర పల్లె. మా నాన్న ఒక ఖర్జూరం తోటలో పని చేస్తాడు, ఆ తోట యజమాని ఇంట్లో అక్క పదకొండేళ్ళు వంట చేసింది. ఇక ఖలాస్ అని ఇంటికి బయల్దేరింది.

"ఆ వంటింటి కిటికీ ముందు ఖర్జూరం చెట్టుంది చూడూ, అలాంటిది మా వాకిట్లో వేసుకోవాలే" అంది. చేతిలో అప్పటికే గుప్పెడు గింజలు!

నాన్న తల అడ్డంగా ఊపాడు. "గింజ వద్దు చెల్లె. తల్లి మొదట్ల పిలక వస్తది, అది పెడితెనే గదే కాయ. గింజకు ఏమొస్తదో ఎవలకెరుక?"

"పిలకంటే రోలంత ఉంటాది అన్నయ్యా, ఇమానం ఎట్టా ఎక్కించను?"

నేను ఊరుకోవచ్చు కదా? ఊహూ. అప్పుడే డీఎన్ఏ పాఠం మొదలుపెట్టాను మరి.

"నాన్నా, నీకు సైన్స్ తెల్వదు, ఊకో. చెట్టు డీఎన్ఏ అంతా గింజలనే ఉంటదక్కా. జిరాక్స్ కాపీ!"

నాన్న టోపీ సర్దుకుని తోటలోకి వెళ్ళిపోయాడు. అక్క గింజల్ని చీర మడతల్లో దాచుకుని వెళ్ళిపోయింది. మొలకలొచ్చాక ఫోటో కూడా పంపింది. నేను లవ్ సింబల్ పెట్టాను.

తరవాత మెండెల్ పాఠం చదివాను. అయితే అందులో అన్నీ బఠాణీలే! బఠాణీకీ మరియమ్మక్క వాకిలికీ ముడి పెట్టాలని నాకు తట్టలేదు.

పరీక్ష హాల్లో తట్టింది. మంచి ఖర్జూరం చెట్టు గింజలు నాటితే వచ్చే మొక్కలు ఎలా ఉంటాయి? ఎ, అన్నీ తల్లిలాగే. బి, అన్నీ ఆడ చెట్లే. సి, కొన్ని ఆడ, కొన్ని మగ, గుణాలు కలగాపులగం. డి, అసలు మొలవవు. నా పెన్ను సి మీద టిక్కు పెట్టేసింది. పెట్టాక ఆ వాక్యం మళ్ళీ చదివాను. మగ చెట్టు. అంటే, కాయదు! ఆడదై కాసినా ఆ తీపి రాదేమో!

"అయ్యో అక్కా!" అన్నాను, పైకే.

ఇన్విజిలేటర్ మేడమ్ వచ్చేసింది. "ఎనీ డౌట్?"

"నో మేడమ్."

డౌట్ లేదు. అదే కదా నా ఏడుపు.

బయట నాన్న వాటర్ బాటిల్ పట్టుకుని ఎండలో నిలబడి ఉన్నాడు. చెప్పేశాను. "ఎర్కే బిడ్డా" అన్నాడు.

"మరి ఆనాడు గట్టిగ ఎందుకు చెప్పలే?"

"నువ్వు సదువుకుంటున్నవ్ గదా. కొత్త సైన్సేమో అనుకున్న."

ప్రతి ఏడూ ఎండల్లో చెట్లెక్కి, మగ పూత తెచ్చి ఆడ గెలలకి కట్టే మనిషి! నా పుస్తకం చూసి తన చేతుల్నే అనుమానించాడు. నేను తిట్టించుకున్నా ఇంత సిగ్గు పడేదాన్ని కాదు.

అక్కడే నిలబడి అక్కకి ఫోన్ చేశాను. మొత్తం విని, "ఓసి నీ సదువు సంకనాకా!" అంది. "నీ మాట నమ్మి అయిదుగురికి పంచానే! పాస్టరు గారి అత్తగారికి కూడా! ఆవిడ రోజూ ప్రార్థన చేసి మరీ నీళ్ళు పోస్తందే! ఇప్పుడేం సెప్పను?"

ఆప్షన్లు ఇచ్చాను. "ఎ, నిజం చెప్పేయి. బి, మన మట్టి పడలేదని చెప్పు. సి, కాపుకి అయిదారేళ్ళు పడుతుంది, అందాకా నోరెత్తకు. డి, తప్పంతా ఆ దుబాయ్ పిల్లదే అని..."

"డి" అంది, నన్ను పూర్తి చేయనీకుండానే.

అక్క స్కూలు మెట్లెక్కలేదు. అయినా ఫుల్ మార్కులు.