ఎడెల్మీరా చదివిన మూడు రోజులు

ఎడెల్మీరా చదువు నాలుగో తరగతి. ఇరవై రెండేళ్లుగా పని పొగాకు ఈనెలు తీయడం. అయినా పినార్ దెల్ రియోలో, మా పేట చుట్టల కార్ఖానాలో, ఆమెకు తెలియని మహానుభావుడు లేడు. వందమంది బల్లల దగ్గర చుట్టలు చుడుతుంటే, ఎత్తు కుర్చీలోంచి చదువరి పొద్దున్నే పత్రిక, ఆపైన భోజనం గంట దాకా గొప్పవాళ్ల జీవితాలు వాళ్లకు పైకి చదివి వినిపించేవాడు. ఏ రాణి ఎందుకు ఏడ్చిందో, ఏ వైద్యుడు తన ఒంటిమీదే మందు వేసుకు చూశాడో, అన్నీ ఆమె అలా విని నేర్చుకున్నవే.

ముసలి చదువరికి చూపు పోయింది. ఖాళీ అయిన కుర్చీకి ఎడెల్మీరా పేరిచ్చింది.

"ఈనెలు తీసే చేతులకి పుస్తకమెందుకమ్మాయ్?" అన్నాడు సిప్రియానో. చుట్టేవాళ్లలో అందరికన్నా పెద్దవాడు. అతను ఎటంటే సగం హాలు అటే.

"తడి ఆకే చిరక్కుండా పట్టుకున్నాను బాబాయ్, కాగితానికేం భయం?"

మూడు రోజులు చదివి చుట్టేవాళ్లను ఒప్పించాలి. నచ్చితే ఆకు కోసే కత్తులతో బల్లలు వాయిస్తారు. నచ్చకపోతే కత్తులు నేల మీద పడేస్తారు.

మొదటి రోజు ఒకటీ అరా బల్ల మోగింది. రెండో రోజు ఆమె తనకు ప్రాణమైన ఘట్టం ఎత్తుకుంది. జనరల్ వాల్దెస్పినో ఒళ్లు కాలే జ్వరంతో, తనను గుర్రానికి కట్టించుకుని వరద ఏరు దాటే ఘట్టం. ఏటి నడుమ గుర్రం మునిగే చోట గొంతు తగ్గించి ఆగింది. వందమందీ మెడలు సాచి విన్నారు. గెలిచేశాననుకుంది.

సాయంత్రం, పరీక్షించే గదిలోంచి చుట్టలు బుట్టల కొద్దీ తిరిగొచ్చాయి. ఎంత పీల్చినా పొగ రాదు, వాటికి కూలీ రాదు. గుర్రం మునిగినంతసేపూ అందరి వేళ్లూ బిగుసుకుపోయి, చుట్టలూ బిగిసిపోయాయి మరి. కత్తులు టపటపా నేలరాలాయి.

"నీ జనరల్ ఒడ్డెక్కాడు, మేం మునిగాం. రేపు రాకు," అన్నాడు సిప్రియానో.

"మూడు రోజులన్నారు. ఇంకోటుంది." ఆమె కదలకుండా అతని బల్ల పక్కనే కూర్చుంది. "ఏ చోట చెయ్యి వదులుగా ఉండాలో చూపించు బాబాయ్."

తిడుతూనే చూపించాడు. ఆమె నాలుగు ఆకులు ఇంటికి పట్టుకుపోయింది. పుస్తకం ఎదురుగా పెట్టుకుని, పైకి చదువుతూ చుట్టింది. వేళ్లు బిగిసిన వాక్యం పక్కనల్లా పెన్సిలు గీత పెట్టింది. విప్పి మళ్లీ చుట్టింది. ఆకు పొడిపొడి అయ్యేదాకా వదల్లేదు.

మూడో రోజు, పట్టుబడిన జనరల్ ముందు శత్రువులు క్షమాపణ పత్రం పెట్టి, సంతకం చేస్తే వదిలేస్తామన్నారు. ఎడెల్మీరా పక్కింటి కబురు చెబుతున్నట్టు సాఫీగా చదివింది. కలం చేతికిచ్చే చోట ఆగి, గడియారం చూసి, భోజనం గంటకింకా వేళ ఉందని, ఆ పూట జైల్లో ఏం వండారో చదవసాగింది.

"ఇంతకీ సంతకం పెట్టాడా లేదా?" అని కేకేశాడు సిప్రియానో.

"పై ఆకు చుడుతున్నావు బాబాయ్, వేళ్లు చూసుకో."

అందరూ నవ్వారు. నవ్వేసరికి చేతులు వదులయ్యాయి. భోజనం గంట మోగింది. చేతుల్లోని ఆకులన్నీ బల్లల మీదికి చేరాక ఆమె లేచి నిలబడి చదివింది: జనరల్ కలం పాళీ తుడిచి, వెనక్కిచ్చి, ఇది క్షమాపణ రాయడం వచ్చినవాడికి ఇవ్వండి అన్నాడు.

ఒక్కరూ భోజనానికి లేవలేదు. అందరూ సిప్రియానో వైపు చూశారు.

"చుట్ట చూశాకే చెప్తాను," అన్నాడతను.

సాయంత్రం ఒక్క బుట్టా తిరిగి రాలేదు. సిప్రియానో ఆ పూట తను చుట్టినదొకటి వెలిగించి నిదానంగా పీల్చాడు. పొగ సులువుగా వచ్చింది. చుట్ట పళ్ల మధ్యే ఉంచుకుని, కత్తి తీసి బల్ల మీద కొట్టాడు. వెనకే హాలంతా మోగింది.