అమ్మ కూర్చున్నాక బిగించిన బోల్టులు

ప్రభు భోజన సంస్కారపు రొట్టె, ద్రాక్షరసం ఇంటికే తెచ్చి ఇస్తానని పాస్టరుగారు అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు.

“మంచం దిగలేనోళ్లకు ఇయ్యుండ్రి అయ్యగారూ. నేను సంఘంల కూసోనే తీసుకుంట.”

విరిగిన తుంటి ఎముక అతికినా ఆమె ఎక్కువ దూరం నడవలేదు. మా పాత కారేమో గౌలిపుర గల్లీల్లో ప్రతి గుంతకీ వెనక దభీమని కూలబడేది. అంతకుముందు నెల సగం దారిలోనే నొప్పి తాళలేక “వెనక్కి తిప్పు బిడ్డా” అంది. చర్చికి పోతూ వెనక్కి తిరగడం ఆమె ఎరగదు. ఈసారి ఆమెను సంఘంలో కూర్చోబెడతానని ప్రార్థనలో మాట ఇచ్చాను.

మెకానిక్ సోమవారం రమ్మన్నాడు. సంస్కారమేమో ఆదివారం, ఆ రోజు నేను పని ముట్టను. మిగిలింది శనివారమే. కంచన్‌బాగ్‌లో లేత్ మిషను మీద పనిచేసేవాణ్ని కనుక ఇనుమంటే జంకు లేదు. వాకిట్లో కారును జాకీతో లేపి, కింద దుంగలు పెట్టి, వెనక చక్రాలు విప్పాను. కారు బరువు మోసే రెండు కమాన్ కట్టల్లోనూ ఇనప పట్టీలు విరిగాయి. వాటి చివర ఉండే రబ్బరు బుష్షులు పొడి పొడిగా రాలాయి. తుప్పు పట్టిన బోల్టులకు కిరసనాయిలు పోసి కొట్టాను. ఒకటి మాత్రం మధ్యాహ్నమైనా కదల్లేదు.

అన్నానికి పిలవడానికొచ్చిన నా భార్య దాన్ని చూసి, “బైబిల్ల ఫరో రాజు గుండె గిట్లనే బండ లెక్క ఉండె గావచ్చు” అంది.

“ఆ ఫరోనే ఆఖరుకు దేవుని జనాన్ని ఇడిచిపెట్టిండు, ఇదెంత” అని మళ్లీ సుత్తి అందుకున్నాను. ఊడింది.

బజారు నుంచి తెచ్చిన కొత్త కమాన్లు, బుష్షులు ఎక్కించి, అన్నీ బిగించి, కారు దించాను. వెనక భాగం కిందికి రాలేదు. పాలు పోయడానికొచ్చిన పక్కింటాయన ఆగి చూశాడు.

“ఏందన్నా, మా బర్రె లేవబోతున్నట్టే ఉంది.”

అప్పుడు తట్టింది. చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టులు బిగించాను. రబ్బరు ఆ తీరులోనే పట్టేసింది. ఇలాగే నడిపితే మెలిపడి చిరిగిపోతుంది. అన్నీ వదులు చేసి, బరువు మీద ఉంచి మళ్లీ బిగించాలి. పొద్దు వాలుతోంది.

“బియ్యం మూటలేమన్న ఉన్నయా?” అని భార్యను అడిగాను.

గడపలోంచి అమ్మ అంది: “బరువే గదా? నన్ను కూసోబెట్టు.”

ఇద్దరం పట్టుకొని వెనక సీట్లో కూర్చోబెట్టాం. నేను గోనెపట్టా పరుచుకొని కిందికి దూరాను. ఆమె పైన ప్రార్థన మొదలుపెట్టి సంఘంలో ఒక్కొక్కరినీ పేరుపేరునా తలుచుకుంటూ ఊగుతుంటే, ఆమెతోపాటు కారూ ఊగింది.

“జర కదలకమ్మా.”

“నీ పని నువ్వు చేస్కో బిడ్డా, నా పని నన్ను చేస్కోనీ.”

ఆమె ఆమేన్ అనేలోగా ఆఖరి నట్టు బిగిసింది.

మర్నాడు అమ్మ ఒక్కసారి కూడా వెనక్కి తిప్పమనలేదు. చర్చి బెంచీ మీద తనవాళ్ల మధ్య కూర్చొని రొట్టె విరిచి తిన్నది, గిన్నె అందుకున్నది. ఆరాధన ముగిశాక చూస్తే, కర్ర పట్టుకున్న ఇద్దరు ముసలమ్మలను వెంటబెట్టుకొని కారు దగ్గర నిలబడి ఉంది.

“మా పిల్లగాడు కొత్త కమాన్లేసిండు. ఎక్కుండ్రి, దింపి పోతడు.”

నేను వెనక తలుపు తీశాను.